ఆదివారం ఆయాసం ఎందుకు తగ్గుతుంది?

గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి వెళ్లినా చాలు, కళ్లు మండి దగ్గు తన్నుకొస్తుంది. అక్కడ బస్తాలు మోసేవాళ్లకు, తొడిమలు తీసే ఆడవాళ్లకు ఊపిరి ఇబ్బందులుంటాయంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఘాటు కనీసం చెప్పి వస్తుంది. నాకు భయమంతా చెప్పకుండా వచ్చేవాటితోనే.

కారుకు సొట్టపడి షెడ్డుకు తీసుకెళ్తే పెయింటర్ ఏం చేస్తాడో ఎప్పుడైనా నిలబడి చూశారా? రంగులో కాస్త హార్డెనర్, కాస్త థిన్నర్ కలిపి, ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని స్ప్రే గన్ అందుకుంటాడు. ముక్కు పుటాలదిరే వాసన థిన్నర్‌ది కాబట్టి ఎవరైనా జాగ్రత్తపడితే దానికే పడతారు, కానీ అసలు గొడవ రంగు గట్టిపడేందుకు కలిపే ఆ హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లనే రసాయనాలతో. గాలిలో హాని చేసేంత ఉన్నా వాటి వాసన తెలియదు. పనివల్ల వచ్చే ఆస్తమాకు ప్రపంచమంతటా ఇదో పెద్ద కారణం. కర్చీఫ్ కాదు కదా, కరోనా నాటి మాస్క్ కూడా దీన్ని ఆపలేదు. బయటి నుంచి గొట్టంలో శుభ్రమైన గాలి అందించే మాస్క్ కావాలి. మన షెడ్డుల్లో కంప్రెసర్ ఉంటుంది, దాని గాలి గన్‌కే.

బేకరీలో మైదా జల్లించే కుర్రాడిదీ ఇదే కథ. తినే పిండే కదా అనుకుంటాం. సెలూన్లలో జుట్టు రంగు తీసే బ్లీచింగ్ పొడి కూడా తక్కువది కాదు.

పనివల్ల వచ్చే ఈ ఆస్తమా మొదటిరోజే రాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక ఒంటికి ఆ పదార్థం పడకుండా పోతుంది, ఆ తర్వాత ఇసుమంత పీల్చినా పిల్లికూతలే. అందుకే ‘పదేళ్లుగా చేస్తున్నా, నాకేమైంది’ అనే ధీమాకు అర్థం లేదు. పైగా చాలామందికి ఆయాసం ఇంటికెళ్లాక, రాత్రిపూట వస్తుంది. దాంతో నేరం చన్నీళ్ల మీదకో, చలి మీదకో పోతుంది.

పెద్దల్లో ఆస్తమాకు సుమారు 15 శాతం పనే కారణమని అమెరికాలోని ఊపిరితిత్తుల వైద్యుల సంఘం, అమెరికన్ థొరాసిక్ సొసైటీ, 2003లోనే చెప్పింది. రోగిని ‘నువ్వేం పని చేస్తావు’ అని అడగమని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే రాశాడు. మన క్లినిక్కుల్లో అడుగుతున్నారా? పనిరోజుల్లోనూ సెలవుల్లోనూ కొన్ని వారాలపాటు, ఊపిరి ఎంత వేగంగా వదులుతున్నామో చూపే పీక్ ఫ్లో మీటర్ ఊది అంకెలు రాసుకుంటే, పనికి దూరంగా ఉన్నరోజు ఊపిరి మెరుగవుతోందో లేదో తేలి చాలావరకు గుట్టు బయటపడుతుంది, అదేమీ ఖరీదైన మిషన్ కాదు, చిన్న ప్లాస్టిక్ గొట్టం.

పనివల్ల వచ్చే జబ్బులకు పరిహారమిచ్చే చట్టం జాబితాలో ఈ జబ్బు ఉంది. అయితే ఇద్దరు మనుషులుండే రేకుల షెడ్డులో, చీటీ ముక్క కూడా లేని ఉద్యోగంలో, ఎవరు ఎవరి మీద ఏం రుజువు చేస్తారు? తొందరగా ఆ పని మానేసినవాళ్లు కోలుకునే అవకాశం ఎక్కువ, నెట్టుకొస్తే తర్వాత మానేసినా జబ్బు వదలకపోవచ్చు. మానేయమని చెప్పడం తేలికే, చేతిలో ఉన్న విద్య అదొక్కటే అయినప్పుడు ఎలా మానతాడు?

సంక్రాంతికి ఊరెళ్లిన వారం రోజులూ ఇన్‌హేలర్ ముట్టుకోలేదండీ అని పెయింటర్ చెప్తే, ‘పల్లెటూరి గాలి కదా’ అని పాత మందులే మళ్లీ రాసిచ్చి పంపేస్తారు.