జార్జ్ టౌన్ గోడలు చదివేదెవరు?

మలేసియాలోని పెనాంగ్ దీవి ముఖ్యపట్టణం జార్జ్ టౌన్‌కు 2008 జులైలో మలక్కాతో కలిపి యునెస్కో వారసత్వ హోదా దక్కింది. రక్షిత ప్రాంతం సుమారు 109 హెక్టార్లు, చుట్టూ మరో 150 హెక్టార్ల బఫర్ జోన్. వీధులకు వీధులుగా నిలిచిన పాత షాప్‌హౌస్‌లు, వాటిలో ఇంకా సాగుతున్న కాపురాలు, వ్యాపారాలే ఈ ఊరికి ఆ హోదా తెచ్చిపెట్టాయి. అయితే హెరిటేజ్ వాక్ పేరుతో నడిచే గుంపులు చాలావరకు ఆర్మేనియన్ స్ట్రీట్‌లో సైకిల్ మీది పిల్లల మ్యూరల్ ముందు ఫొటోల వరసలో కనిపిస్తాయి. 2012లో లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకారెవిచ్ వేసిన ఆ బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇంటి లోపలికి ఒక్కసారైనా తీసుకెళ్లకుండా, గోడ దేనితో కట్టారో చెప్పకుండా ముగిసే నడకను ఆర్కిటెక్చర్ టూర్ అని అమ్మడం సబబు కాదు.

షాప్‌హౌస్ అంటే కింద కొట్టు, పైన కాపురం. వీధివైపు వెడల్పు అయిదారు మీటర్లే, లోతు మాత్రం ముప్ఫై మీటర్ల దాకా పోతుంది. రెండు పక్కలా ఉమ్మడి గోడలే, దూలాలు వాటి మీదే అడ్డంగా కూర్చుంటాయి. అందుకే ఒక ఇల్లు అడ్డదిడ్డంగా కూలిస్తే పక్క రెండిళ్లూ కదులుతాయి. పక్క గోడలకు కిటికీలు పెట్టే వీల్లేదు గనక వెలుతురూ గాలీ వానా మధ్యలో పైకప్పు లేని చోటు నుంచే రావాలి. కోనసీమ మండువా లోగిలి చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. వేడెక్కిన గాలి అక్కడినుంచి పైకి పోతుంటే, వీధి తలుపు పైనున్న కంతల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఇంటిని కేఫ్‌గా మార్చేవాళ్లు చాలామంది ముందుగా చేసేది ఆ మండువాను పాలీకార్బొనేట్ షీటుతో కప్పి ఏసీ బిగించడం. దాంతో గాలి స్తంభించిపోతుంది, చల్లబడ్డ గోడకు నీళ్లు పడతాయి, నల్లటి బూజు పడుతుంది, గోడలో దిగిన దూలాల కొసలు లోలోపలే చివుకుతాయి. గైడ్ తలెత్తి చూడమనాల్సింది ఇక్కడ.

తల దించి చూడాల్సింది గోడ అడుగు. నేల నుంచి మీటరు ఎత్తు వరకూ చూస్తే ఆ ఇంటికి జరిగిన మరమ్మతుల సంగతి సగం తెలిసిపోతుంది. పాత ఇటుక మెత్తనిది, పునాదిలో చెమ్మను ఆపే పొర లేదు. సముద్రం పక్కనే కాబట్టి భూగర్భజలం పైపైనే ఉంటుంది, ఉప్పుతో కలిసి ఇటుకలోకి ఎగబాకుతుంది. సున్నపు గార ఉన్నంతకాలం ఆ చెమ్మ గోడ ముఖం మీదనుంచే ఆరిపోతుంది. గార గీకేసి సిమెంటు కొట్టి, పైన ఆక్రిలిక్ రంగు వేస్తే దానికి దారి మూసుకుపోతుంది. ఇక అది ఇంకా పైకెక్కుతుంది, ఆరిన చోటల్లా ఉప్పు పేరుకుని ఇటుకను పొడి చేస్తుంది. తెల్లటి పొక్కులు, ఉబ్బిన రంగు, వేలి కణుపుతో తడితే డొల్ల చప్పుడు దాని ఆనవాళ్లు. యజమాని చేయించేది మళ్లీ సిమెంటు పూతే. కొన్నాళ్లకు అదే మచ్చ మరో అడుగు పైన తేలుతుంది.

సరైన మరమ్మతు నిదానం. సిమెంటంతా వలిచి గోడను నెలల తరబడి ఆరనివ్వాలి. పేరుకున్న ఉప్పును లాగేశాక, బాగా నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ల లెక్కన పల్చటి పొరలుగా గార వేయాలి. ఎండ తగలకుండా గోనెపట్టా కట్టి తడుపుతూ ఉండాలి, లేదంటే పగుళ్లిస్తుంది. పైన సున్నపు వెల్ల. లీత్ స్ట్రీట్‌లోని చ్యోంగ్ ఫాట్ జీ భవనం నీలం రంగు కూడా సున్నంలో నీలిమందు కలిపి వేసినదే. 2000లో దాని పునరుద్ధరణకు యునెస్కో అవార్డు వచ్చింది. లోపల గైడెడ్ టూర్ ఉంది, గోడ గురించి వినాలనుకునేవాళ్లు దాన్ని వదులుకోకూడదు. ఖూ వంశంవారి చీనా కులభవనం ఖూ కోంగ్సీలో మెడ నొప్పి పుట్టినా సరే పైకప్పు అంచు చూడాలి. 1901లో తగలబడి 1906లో మళ్లీ లేచిన ఆ భవనం మీది పూలూ డ్రాగన్లూ రంగు పింగాణీ గిన్నెలను పట్టకారుతో రేకులుగా కత్తిరించి గారలో గుచ్చినవి.

గోడల సంగతి తేలినా మనుషుల సంగతి మిగిలే ఉంటుంది. 1966 నాటి అద్దె నియంత్రణ చట్టాన్ని 1997లో రద్దు చేశారు, 2000 జనవరి 1 నుంచి అద్దెదారులకు ఆ రక్షణ లేకుండా పోయింది. తరాలుగా కాపురమున్నవాళ్లు ఖాళీ చేశారు. హోదా వచ్చాక బొటిక్ హోటళ్లు దిగాయి. బోర్డులు చెక్కేవాళ్లు, అగరొత్తులు చుట్టేవాళ్లు, పేము అల్లేవాళ్లు అక్కడక్కడా మిగిలారు. రోజుకు పలుమార్లు గుంపులొచ్చి వాళ్ల గుమ్మంలో నిలబడితే పని ఆగుతుంది, టిక్కెట్టు డబ్బు మాత్రం నిర్వాహకుడికే చేరుతుంది. రుసుములో వాళ్లకూ వాటా ఉండాలి. సముద్రం మీద కొయ్య కాళ్లపై నిలిచిన క్లాన్ జెట్టీల్లో, అంటే చీనా వంశాలవారి ఇళ్ల వరసల్లో, రెండింటిని 2006లో, అంటే హోదాకు రెండేళ్ల ముందే, ఇళ్ల ప్రాజెక్టు కోసం కూల్చేశారు. మిగిలినవాటిలో చ్యూ జెట్టీకి ఇప్పుడు తాకిడి ఎక్కువ. అవి జనం కాపురముండే ఇళ్లని గైడ్ ముందే చెప్పాలి.

దారి విషయానికొస్తే, 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి దగ్గర మొదలుపెట్టడం మేలు. అక్కడినుంచి కరుణాదేవి చీనా గుడి, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహా మారియమ్మన్ కోవెల, కపితాన్ కెలింగ్ మసీదు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, మొత్తం కిలోమీటరు లోపే. ఉదయం ఎనిమిదింటికి బయల్దేరాలి, పదకొండు దాటితే ఎండకు ఎవరి చెవికీ ఏదీ ఎక్కదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మసీదు సందర్శన పెట్టుకోకూడదు. పన్నెండు మందికి మించిన గుంపు షాప్‌హౌస్‌ల ముందు వరసగా సాగే అయిదడుగుల వసారాలో పట్టదు. పేరుకు అది పాదచారుల దారే గానీ మోటారు సైకిళ్లు, సరుకు బస్తాలు అడ్డుంటాయి. ఇంటికీ ఇంటికీ నేల ఎత్తు మారుతుంది, కళ్లు ఫోన్‌లో ఉన్నవాళ్లు తూలేది అక్కడే. పదిహేను చోట్లు చుట్టేయడం కంటే అయిదు చోట్లు, వాటిలో ఒక ఇంటిని వీధి గుమ్మం నుంచి వెనక సందు దాకా పూర్తిగా చూపడం మంచిది.

బుక్ చేసుకునే ముందు లైసెన్సు ఉన్న గైడేనా అని అడగడం సరే. దాంతోపాటు ఎన్ని ఇళ్ల లోపలికి వెళ్తారు, ఇంటివాళ్లకు ఎంత ఇస్తారు, వాన వస్తే ఏం చేస్తారు అని కూడా అడగాలి. వానకు నడక రద్దు చేసే గైడ్ కంటే గొడుగులు పంచే గైడ్ నయం. పెంకు కప్పు నీరు మండువాలోకి ఎలా జారుతుందో, తూము ఎక్కడ పూడిందో, ఏ గోడ కారుతోందో కళ్లారా చూడగలిగేది అప్పుడే.