బ్లాక్‌లిస్టుకి సన్మానం చెయ్యాలి

హాలీవుడ్ సినిమా రచయిత డాల్టన్ ట్రంబో ఉత్తరాల ఆధారంగా పీటర్ ఆస్కిన్ తీసిన 2007 నాటి డాక్యుమెంటరీలో నాకు ఒకే ఒక్క లోపం కనిపించింది. అమెరికా ప్రతినిధుల సభ వారి విచారణ కమిటీకి కృతజ్ఞతలు చెప్పలేదు. 1947లో వాళ్లు ఆయన్ని బోనెక్కించి 'నువ్వు కమ్యూనిస్టువా' అని గద్దించకపోతే, జవాబివ్వనందుకు జైల్లో పెట్టకపోతే, ఈ ఉత్తరాల్లో సగమైనా పుట్టేవా? చేతినిండా పనున్న సినిమా రచయిత పేజీల కొద్దీ ఉత్తరాలు రాయడం ఎవరైనా చూశారా?

కాలేజీలో ఉన్న కొడుక్కి హస్తప్రయోగం గురించి రాసిన ఉత్తరాన్ని నటుడు నేథన్ లేన్ మహా గంభీరంగా చదువుతుంటే, ఇంతటి సాహిత్యాన్ని దేశానికి అందించిన కమిటీకి చేతులెత్తి మొక్కాలనిపించింది.

నిర్మాతలకు జరిగిన మేలు ఇంకా పెద్దది. ఎంజీఎం స్టూడియోలో స్క్రిప్టుకి 75,000 డాలర్లు పలికిన మనిషి, పని ఇవ్వకూడదని హాలీవుడ్ పెట్టుకున్న బ్లాక్‌లిస్టులోకి ఎక్కాక 'గన్ క్రేజీ' సినిమాకి పుచ్చుకున్నది 3,750. అదే బుర్ర, ఇరవయ్యో వంతు ధర. దేశభక్తి మీద ఇంత డిస్కౌంటు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. ఆయన రాతలో విషం ఉందని కమిటీ భయం. పైన ఇంకొకరి పేరు వేస్తే ఆ విషం విరిగిపోతుందని హాలీవుడ్ కనిపెట్టింది. 'రోమన్ హాలిడే' కథకి ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్ పేరు వేశారు. ఆస్కార్ కూడా ఇచ్చారు. అమెరికా ఎక్కడిదక్కడే ఉంది.

1957లో 'ది బ్రేవ్ వన్' కథకి ఆస్కార్ గెలిచిన రాబర్ట్ రిచ్ స్టేజీ మీదికి రాలేదు. భార్య ప్రసవానికి వెళ్లాడని ఇంకొకాయన అందుకున్నాడు. ఆ పేరుతో కథ రాసినవాడు ట్రంబో. (మన దగ్గర రచయిత పేరు టైటిల్స్‌లోంచి లేపెయ్యడానికి కమిటీలూ జైళ్లూ అక్కర్లేదు. ఆ విషయంలో మనం చాలా ముందున్నాం.)

చిన్న కూతుర్ని స్కూల్లో వెలివేసినట్టు చూశారని రాసిన ఉత్తరం ఒకటుంది. అందులో జోకులు లేవు. కమిటీవారి సన్మానపత్రంలో దాన్ని ఎక్కడ చేర్చాలో నాకు తోచలేదు.

కమిటీ ఛైర్మన్ పార్నెల్ థామస్ గారి గురించి కూడా చెప్పుకోవాలి. పని చెయ్యని వాళ్ల పేర్లు జీతాల పట్టీలో రాయించి, ఆ జీతాలు తను తీసుకున్నందుకు ఆయనా జైలుకే వెళ్లారు. డాన్‌బరీ జైల్లో ఆయనకి తోడుగా, ట్రంబోతో కలిపి శిక్షపడ్డ పదిమందిలో ఇద్దరు రచయితలు ఉన్నారు. ట్రంబో పేరు లేకుండా పని చేశాడు, థామస్ గారు పని లేకుండా పేర్లు రాయించారు. ప్రతిభ ఎటుందో పాఠకులే తేల్చుకోవాలి.

ఆస్కార్లిచ్చే అకాడమీ మాత్రం మాట తప్పలేదు. 'ది బ్రేవ్ వన్' ఆస్కార్ బొమ్మని 1975లో ట్రంబో చేతికిచ్చింది. 1976లో ఆయన పోయాక, 'రోమన్ హాలిడే' బొమ్మని 1993లో భార్యకిచ్చింది. 1953లో విడుదలైన ఆ సినిమాకి రచయితగా ఆయన పేరుని రచయితల సంఘం 2011లో ఖాయం చేసింది. యాభై ఎనిమిదేళ్లే పట్టింది. కాస్త తొందరపడ్డారేమో అనిపిస్తుంది. రచయిత పేరు కదా, ఇంకో నాలుగు సబ్ కమిటీలు వేసి చూడాల్సింది.