రాసిందెవరు? తీసిందెవరు?

జేమ్స్ బాండ్ తర్వాతి చిత్రానికి దర్శకుడు డెనీ విల్‌నెవ్, రచయిత స్టీవెన్ నైట్ అని 2025లో ప్రకటించారు. అప్పటినుంచి నెల్లూరు ట్రంకు రోడ్డు టీకొట్ల దగ్గరా, ఒంగోలు హాస్టల్ గదుల్లోనూ పాత వాదం మళ్లీ రాజుకుంది. ఎవరు గొప్పగా తీశారు, ఎవరు కథను పాడుచేశారు అన్నదే ఆ గొడవ. వాదించుకోవాల్సిందే. 1966లో కృష్ణ ‘గూఢచారి 116’ను నెత్తిన పెట్టుకున్న తెలుగువాళ్లకు ఇది పరాయి విషయం కాదు. మా అభ్యంతరమల్లా తీర్పులు చెప్పే తీరు మీదే. సినిమా బాగుంటే దర్శకుడికి దండ, బాగాలేకపోతే రచయితకు తిట్లు!

2008లో వచ్చిన బాండ్ చిత్రం ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’నే తీసుకుందాం. కథలో పస లేదని రచయితలను ఏకిపారేసేవాళ్లు ఆనాటి క్యాలెండర్ చూడరు. 2007 నవంబర్ 5న హాలీవుడ్ రచయితల సమ్మె మొదలైంది, 2008 ఫిబ్రవరి 12 దాకా సాగింది. షూటింగ్ మాత్రం జనవరిలోనే మొదలైపోయింది. సమ్మెలో ఉన్న రచయిత సెట్లో ఒక్క మాట మార్చకూడదు. కొన్ని సీన్లు తానూ దర్శకుడు మార్క్ ఫోర్‌స్టరూ కూర్చుని సరిచేసుకున్నామని బాండ్ వేషం వేసిన డేనియల్ క్రెయిగ్ తర్వాత తానే చెప్పుకున్నాడు. ఆ లోటును దాని రచయితలు పర్విస్, వేడ్, హాగిస్‌ల ఖాతాలో వేయడం అన్యాయం. 1988లోనూ ఇదే జరిగింది. ‘లైసెన్స్ టు కిల్’ రచన మధ్యలో సమ్మె వచ్చి రచయిత రిచర్డ్ మేబామ్ కలం పక్కన పెడితే, సహరచయిత మైకేల్ జి. విల్సన్ ఒక్కడే స్క్రిప్టు ముగించాల్సి వచ్చింది.

మేబామ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1962 నుంచి 1989 దాకా ఇయాన్ సంస్థ తీసిన 16 బాండ్ చిత్రాల్లో 13 ఆయన పేరుతో ఉన్నాయి. అవి తీసింది అయిదుగురు: టెరెన్స్ యంగ్, గై హామిల్టన్, పీటర్ హంట్, లూయిస్ గిల్బర్ట్, జాన్ గ్లెన్. దర్శకులు మారినా నిలిచిన చెయ్యి ఆయనది. అయినా ‘గొప్ప బాండ్ దర్శకులు’ అని జాబితాలు వేసేవారికి ఆయన పేరే తట్టదు. ‘గోల్డ్ ఫింగర్’ నవలలో విలన్ అమెరికా ప్రభుత్వ ఖజానా ఫోర్ట్ నాక్స్‌లోని బంగారాన్ని ఎత్తుకుపోవాలనుకుంటాడు. అంత బరువు మోయడం అయ్యే పనేనా? మేబామ్, పాల్ డెన్‌ల స్క్రిప్టు ఆ అనుమానాన్ని బాండ్ నోటే అనిపించింది: 60 మంది, 12 రోజులు, 200 లారీలు కావాలని. అందుకే సినిమాలో విలన్ దోచుకోడు. అణుబాంబుతో ఆ బంగారం ఎవరికీ పనికిరాకుండా చేసి, తన దగ్గరున్న బంగారం ధర పెంచుకోవాలని చూస్తాడు. నవలలోని లొసుగునే కథకు బలంగా మార్చడమంటే ఇదీ!

దర్శకుడి ఖాతాలో పడే పొగడ్తలూ అన్నీ ఆయనవి కావు. ‘ది స్పై హూ లవ్డ్ మీ’ మొదట్లో మంచుకొండ మీద నుంచి స్కీలతో దూకి పారాచూట్ విప్పే షాట్‌కు ఇప్పటికీ చప్పట్లే. దర్శకుడు లూయిస్ గిల్బర్ట్. కెనడాలోని ఆస్గార్డ్ శిఖరం దగ్గర ఆ షాట్ తీసింది మాత్రం ప్రధాన దర్శకుడు లేకుండా విడిగా షాట్లు తీసే సెకండ్ యూనిట్‌తో వెళ్లిన జాన్ గ్లెన్, దూకింది రిక్ సిల్వెస్టర్. తర్వాత వరుసగా అయిదు బాండ్ చిత్రాలు గ్లెన్ చేతికి రావడం వెనుక ఈ పనితనం ఉంది.

పేర్లు చూడటం కష్టమేమీ కాదు. ముందు సన్నివేశం అయ్యాక టైటిల్ పాటలోనే ముఖ్యమైనవన్నీ పడతాయి. అప్పుడు ఫోన్ పక్కన పెడితే చాలు. ఇద్దరు రచయితల పేర్ల మధ్య ఆంపర్‌శాండ్ (&) అనే గుర్తు ఉంటే జంటగా రాశారని, ‘అండ్’ అని అక్షరాల్లో ఉంటే విడివిడిగా రాశారని లెక్క. ‘క్యాసినో రాయల్’లో పర్విస్, వేడ్ ఒక జంట, హాగిస్ వేరు. చెయ్యి చేసుకున్న ప్రతి ఒక్కరి పేరూ తెరమీదికి రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. చాలామంది చూసేది తెలుగు డబ్బింగ్. అందులో మాటలు మేబామ్‌వీ కావు, హాగిస్‌వీ కావు. పెదవులు కలిసే చోట ప, బ, మ పడేలా, నోరు ఆగేలోపు వాక్యం ముగిసేలా కూర్చిన తెలుగు రచయితవి. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది గనుక, ఇంగ్లిషులో మొదట్లోనే పేలిన మాట ఇక్కడ ఆలస్యంగా పేలొచ్చు, పేలకనూ పోవచ్చు. డబ్బింగ్ చూసి ‘డైలాగులు చప్పగా ఉన్నాయి’ అంటే ఆ మాట ఎవరికి తగులుతుందో ఆలోచించాలి.

ఉమ్మడి నెల్లూరు జిల్లా మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ రాసి ప్రేక్షకులను, రాయక నిర్మాతలను ఏడిపించారని చెప్పుకుంటారు. రచయితకు గడువు ఎంత బరువో తెలిసిన నేల ఇది. డబ్బింగ్ రచయిత పేరు చాలాసార్లు ఎక్కడా కనిపించదు. కొత్త బాండ్ తెలుగులో వచ్చేనాటికైనా ఆ పేరు తెరమీద చదవగలిగేంత సేపు ఉండాలి. టీవీ ఛానళ్లు టైటిల్ పాటను కోయడం మానాలి. ఇది పంపిణీదారులూ ఛానళ్లూ పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన పని.