ఒప్పుకోలు కన్నా మొదటి మాటకే బరువెక్కువ

కడపలోనో కర్నూలులోనో ముసుగేసిన మనిషిని వెనక నిలబెట్టి పోలీసులు ప్రెస్‌మీట్ పెడతారు. "నేరం ఒప్పుకున్నాడు" అని టీవీలో స్క్రోలింగ్ వస్తుంది. ఇంకేముంది, కేసు తేలిపోయిందనుకుంటాం. నిజానికి పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లో ఉన్న ఆ నియమమే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ అయింది. అతను చెప్పిన చోట కొడవలి దొరికితే, అది దొరకడానికి దారి చూపిన ముక్క వరకే పనికొస్తుంది.

మనిషిని ముంచేది అంతకు ముందు ఆడిన మాట. అనంతపురం దగ్గర ఒక పల్లెలో భార్య మెట్ల మీద జారిపడిందని ఒకతను పక్కింటివాళ్లకు చెప్పాడనుకుందాం. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకూ అదే చెప్పాడు. పోస్టుమార్టంలో గొంతు నులిమిన గుర్తులు కనిపించాయి. అప్పుడు ఆ పక్కింటివాళ్లూ, డాక్టరూ సాక్షులవుతారు. నాలుగు గోడల మధ్య జరిగిన హత్యలో ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత ఇంట్లో ఉన్నవాళ్ల మీదా ఉంటుందని 2006లో త్రిముఖ్ మారోతి కిర్కన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది.

అయితే అబద్ధమాడినవాడల్లా హంతకుడు కాడు. పరువు కోసం, ముందురోజు గొడవ బయటపడకూడదని కూడా మనిషి అబద్ధమాడతాడు. అందుకే 1984లో శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు తీర్పు హద్దు పెట్టింది: మిగతా సాక్ష్యం గొలుసులా కుదిరితేనే అబద్ధం దానికి అదనపు కొక్కెం. తెగినచోట దాన్ని అతుకుగా వాడకూడదు.

నా టెన్షన్ వేరే. కొన్ని కేసుల్లో మొదట ఫిర్యాదు ఇచ్చినవాడే తర్వాత నిందితుడవుతాడు. నేరం ఒప్పుకోని ఫిర్యాదైతే కోర్టు దాన్ని అతని మీద సాక్ష్యంగా చూడొచ్చు. మా వైపు రైతు "మబ్బులోనే చేనికి పోయినా" అంటాడు. మబ్బంటే ఇక్కడ తెల్లవారకముందు చీకటి. ఫిర్యాదు రాసుకునే స్టేషన్ రైటరు చేతిలో అది "ఉదయం 5.00 గంటలకు" అవుతుంది. రైతు చేతికి గడియారమే ఉండదు, అది వేరే సంగతి. ఏళ్ల తర్వాత విచారణలో, ఆరింటికి అతన్ని ఇంటి దగ్గర చూశామని ఎవరో చెబితే, ఆ అంకె అబద్ధమై కూర్చుంటుంది. ఆ అబద్ధం అతని నోట పుట్టింది కాదు.

ఫిర్యాదును చదివి వినిపించాలని, కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. కింద "చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను" అన్న వాక్యమూ ఉంటుంది. ఇంట్లో శవాన్ని పెట్టుకుని వచ్చినవాడు సంతకం ఎక్కడ పెట్టాలో చూస్తాడు గానీ, 5.00 అన్న అంకెను చూడడు.