కార్ల కంపెనీ ఖర్చుతో గీసిన ముఖాలు

1924 అక్టోబర్ 28న అల్జీరియాలోని కొలంబ్ బెషార్ నుంచి ఫ్రెంచ్ కార్ల కంపెనీ సిట్రోయెన్ బండ్లు ఎనిమిది బయల్దేరాయి. ముందు చక్రాలు, వెనక రబ్బరు పట్టాలు. సహారా, నైజర్, చాద్, బెల్జియన్ కాంగో దాటి, మరుసటి ఏడాది జూన్‌లో మడగాస్కర్‌లో ప్రయాణం ముగిసింది. ఫ్రెంచ్ వలస ప్రభుత్వం అండ ఉంది, ఖర్చు కంపెనీది. పబ్లిసిటీ కూడా కంపెనీదే. ఈ బృందంలో అధికారిక చిత్రకారుడు అలెగ్జాండర్ యాకోవ్లెవ్, పారిస్‌లో స్థిరపడిన రష్యన్.

ఆయన చెయ్యి గొప్పది, అందులో సందేహం లేదు. ఎర్ర సుద్దతో, బొగ్గుతో ముఖాన్ని చాలా శ్రద్ధగా గీస్తాడు. కనురెప్పల బరువు, పెదవి మూల పట్టుదల, చెంప మీది గాట్లు అన్నీ కనిపిస్తాయి. భుజాల దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు గీతలతో వదిలేస్తాడు. నైజర్‌లోని తెసావా సుల్తాన్ బర్ము చిత్రం చూస్తే, ఆయన ఎవరికీ నమూనాగా కూర్చున్నట్టు ఉండదు. చిత్రకారుడినే ఆయన పరీక్షిస్తున్నట్టు ఉంటుంది.

నన్ను ఇబ్బంది పెట్టేది ముఖం వెనక ఉన్న ఖాళీ కాగితం. ఆ బండ్లు వెళ్లిన చాద్, ఉబాంగీ-షారీ (నేటి మధ్య ఆఫ్రికా రిపబ్లిక్) ప్రాంతాల నుంచే అప్పట్లో ఫ్రెంచ్ వలస ప్రభుత్వం వేయిస్తున్న కాంగో-ఓషన్ రైలు మార్గం పనులకు మగవాళ్లను బలవంతంగా పట్టుకెళ్లేవారు. అక్కడ వేలమంది చనిపోయారు. ఆ సంగతి ఈ బొమ్మల్లో ఎక్కడా లేదు. 1926లో పారిస్‌లోని షార్పాంతియే గ్యాలరీలో వాటిని చూసినవాళ్లకు అందం తప్ప మరేం కనిపించి ఉంటుంది?

అయినా వీటిని ప్రకటనలుగా కొట్టిపారేయలేం. మన మద్రాసు ప్రెసిడెన్సీలో అదే కాలానికి కాస్త ముందు బ్రిటిష్ మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ మనుషుల ముక్కులు, తలలు కొలిచి కులాలవారీగా లెక్కలు రాశాడు. ఆ పట్టికల్లో మనిషి మాయమైపోతాడు. యాకోవ్లెవ్ గీసిన మనిషి అలా మాయం కాడు. అసలు నష్టం ఆ తర్వాత, బొమ్మ వాడకంలో జరిగింది. అదే యాత్రలో జార్జ్ స్పెక్ట్ ఫోటో తీసిన, బెల్జియన్ కాంగోలోని మాంగ్బెటు తెగ మహిళ నొబొసొద్రూ సంగతే చూడండి. పొడవాటి తలకట్టుతో ఉన్న ఆమెను పక్క నుంచి చూపే బొమ్మ స్టాంపుల మీదికీ ఎక్కింది. ఆమె పేరు మాత్రం చాలామందికి తెలియదు.

అందుకే మ్యూజియంలు ఈ చిత్రాల కింద ఉండే పేర్ల పట్టీ మార్చాలి. గీయించుకున్నవారి పేరు తెలిసిన చోట ముందు దాన్ని రాయాలి, తర్వాతే చిత్రకారుడి పేరు, ఖర్చు పెట్టిన కంపెనీ పేరు. తెలియని చోట 'మాంగ్బెటు స్త్రీ' అని సరిపెట్టకుండా, పేరు నమోదు చేయలేదని రాయాలి.