మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అంట! ఇన్నాళ్ళూ అది ఆఫ్‌లో ఉందా?

సెలవులొస్తే చాలు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ గోల మొదలు. "మీ పిల్లల మెదడులో 90 శాతం నిద్రపోతోంది, రెండ్రోజుల మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ వర్క్‌షాప్‌తో లేపుతాం, కళ్ళకి గంతలు కట్టినా చదివేస్తారు" అని ఒక పోస్టరు, కింద వేలల్లో ఫీజు, దాని కింద మనవాళ్ళ దండాల ఎమోజీలు. అందరూ చదువుకున్నవాళ్ళే, కూరగాయల బండి దగ్గర ఐదు రూపాయలకి అరగంట బేరమాడేవాళ్ళే, ఇక్కడ మాత్రం నోరెత్తకుండా ఫోన్‌పే కొట్టేస్తున్నారు. నాకు ఒళ్ళు మండి రాస్తున్నా, కొంచెం పొడుగే, ఓపికుంటే చదవండి.

నిద్రపోయే మెదడు అంత తింటుందా అండీ? ఒంటి బరువులో మెదడు 2 శాతం. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తిలో మాత్రం 20 శాతం దానికే. సుమారు 20 వాట్లు, అంటే ఒక ఎల్ఈడీ ట్యూబ్‌లైటు, రోజుకి 400 కేలరీలు. ఐదేళ్ళ పిల్లాడికైతే ఇంకా ఘోరం, వాడు తిన్నదాంట్లో 40 శాతం పైన మెదడే లాగేస్తుంది, ఆ వయసులో ఒళ్ళు నెమ్మదిగా పెరగడానికి కారణం అదేనని క్రిస్టఫర్ కుజావా అనే పరిశోధకుడి బృందం 2014లో చెప్పింది. ఇంకో తమాషా ఏంటంటే, ఎక్కాలు బట్టీ పట్టినా గోడవైపు చూస్తూ కూర్చున్నా ఈ బిల్లు పెద్దగా మారదు, ఒక పని మీద బుర్ర పెడితే పెరిగేది 5 శాతం లోపే అని మెదడు శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ ఎప్పటినుంచో చెప్తున్నాడు. అంటే ఆ ట్యూబ్‌లైటు పుట్టిన దగ్గర్నుంచీ వెలుగుతూనే ఉంది, వీళ్ళొచ్చి స్విచ్ వేసేదేం లేదు.

మరి అంత శక్తి ఎటు పోతోంది? చాలావరకు సోడియం, పొటాషియం సర్దుకోడానికే. న్యూరాన్, అంటే మెదడు కణం, ఒక సిగ్నల్ పంపితే సోడియం లోపలికి దూకుతుంది, పొటాషియం బయటికి జారుతుంది, తర్వాత ఒక పంపు 3 సోడియంలని బయటికి తోసి 2 పొటాషియంలని లోపలికి లాగుతుంది, అలా ఒక్కో విడతకీ ఒక ఏటీపీ ఖర్చు, ఏటీపీ అంటే కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే చిల్లర నాణెం అనుకోండి. చూడ్డం, వినడం, వాసన పట్టడం అన్నీ ఈ లెక్కలోవే. సైమన్ లాఫ్లిన్ బృందం 1998లో ఈగ కంట్లో లెక్క కట్టింది, ఒక్క బిట్ సమాచారం, అంటే అవునా కాదా అన్నంత ముక్క, సైనాప్స్, అంటే రెండు న్యూరాన్లు కలిసే చోటు, దాటాలంటే దాదాపు 10 వేల ఏటీపీలు కావాలంట. ఏదీ ఫ్రీగా రాదు.

ఇంత ఖరీదైన వ్యవహారం కాబట్టే మెదడు పరమ పిసినారి. కంట్లో వెలుగుని పట్టే కణాలు 12 కోట్ల పైనే, కంటి నుంచి మెదడుకి వెళ్ళే తీగలు మాత్రం ఓ 10 లక్షలు, అంటే మారినదేంటో పంపు, మారనిది వదిలెయ్ అన్నట్టు కంట్లోనే సగం వడపోత అయిపోతుంది. హైదరాబాద్‌లో చదువుకున్న రాజేశ్ రావు, డానా బాలర్డ్‌తో కలిసి 1999లో ఇంకో మాట అన్నాడు, పైనున్న భాగాలు ఏం రాబోతోందో ముందే ఊహిస్తాయి, కిందనుంచి తప్పిన అంచనా మాత్రమే పైకి వెళ్తుంది అని. పీటర్ లెనీ అయితే 2003లో లెక్కేసి, కార్టెక్స్‌లో, అంటే మెదడు పై పొరలో, ఏ క్షణంలో చూసినా గట్టిగా పనిచేయగలిగేవి ఒక శాతం న్యూరాన్లే, అంతకుమించి బడ్జెట్ లేదు అన్నాడు. అవే ఒక శాతం కాదు, వంతులవారీగా. 90 శాతం నిద్రపోతోంది అనే మహానుభావులకి చెప్పేది ఇదే, పెద్ద గుంపు ఒకేసారి ఒకే తాళంలో లేస్తే వచ్చేది జీనియస్ కాదు, ఫిట్స్.

ఇక మిడ్‌బ్రెయిన్, అంటే మెదడు అడుగున మధ్యలో ఉండే చిన్న భాగం. చూపు అటు తిప్పడం, పెద్ద చప్పుడికి తల చటుక్కున తిరగడం, లైటు పడితే కంటిపాప చిన్నదవడం, వీటి వెనక ఉన్నది అదే. అది నిజంగా ఆఫ్ అయితే పిల్లాణ్ణి తీసుకెళ్ళాల్సింది ఐసీయూకి, ఫంక్షన్ హాలుకి కాదు.

ఫంక్షన్ హాలంటే గుర్తొచ్చింది, ఫ్రీ డెమో అంటే నేనూ వెళ్ళా. ఎనిమిదేళ్ళు కూడా ఉండవు ఆ పాపకి, నల్ల గంత కట్టారు, రంగు కార్డు చేతిలో పెడితే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పుతోంది, గడ్డం పైకెత్తి. గంత ముక్కు దూలం మీద లేచి, పక్కన వేలు దూరేంత సందు. "ఆ కార్డు నుదుటికి పైన పట్టుకుని చూపిస్తారా?" అన్నా. "అనుమానంగా చూస్తే పిల్లల వైబ్రేషన్స్ దెబ్బతింటాయి సార్" అన్నాడు డెమో నడిపే ఆయన. హాలంతా చప్పట్లు. పాపని ఏమంటాం, పెద్దవాళ్ళు మెచ్చుకుంటుంటే ఏ పిల్లైనా సందులోంచి చూస్తుంది. మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నది ఈ సందు గురించే.

పైగా ఆయన థియరీ ఏంటంటే, గంత కడితే కంటికి రెస్టు దొరికి ఆ శక్తంతా లోపలి చూపుకి పోతుందంట. సరిగ్గా ఉల్టా! కంట్లో మసక వెలుగుని పట్టే రాడ్ కణాలకి చీకట్లోనే ఖర్చెక్కువ. చీకట్లో వాటి తలుపులు తెరిచి ఉండి సోడియం వస్తూనే ఉంటుంది, తోడిపోస్తూనే ఉండాలి, వెలుగు పడితే తలుపులు మూసుకుంటాయి. ఎలుక రాడ్ కణాల్లో లెక్క చూస్తే, బాగా వెలుగుంటే ఖర్చు నాలుగో వంతుకన్నా తక్కువకి పడిపోతుందని 2008లో తేలింది.

కళ్ళు లేకుండా చూసే దారే ఉంటే ముందు మెక్సికో గుహల్లోని గుడ్డి చేపలు వాడుకునేవి కదా. ఒక గ్రాము బరువున్న చేప పిల్లకి చూపు ఉంటే విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తిలో 15 శాతం దానికే పోతుందని 2015లో డామియన్ మోరన్ వాళ్ళు లెక్క తేల్చారు. చీకటి గుహలో తిండే దొరకదు, అందుకని తరతరాలుగా కళ్ళే పోయాయి. ఇప్పుడవి ఒంటి పక్కన నీటి కదలిక పట్టి తిరుగుతాయి, అంతేగానీ రంగులు చెప్పవు.

అన్నట్టు, డెమో అయ్యాక ఆయన ఇంకో మాట చెప్పాడు, బ్యాచ్ పొద్దున ఆరున్నరకి, పిల్లల్ని ఖాళీ కడుపుతో పంపండి, ఫోకస్ బాగుంటుంది అని. ఎడిన్‌బరోలో 2022లో ఎలుకలకి తిండి తగ్గించి బరువు 15 శాతం దిగాక చూశారు, చూపు కార్టెక్స్ ఏటీపీ ఖర్చు 29 శాతం తగ్గించేసుకుంది, దానికి బదులు దాదాపు ఒకే వాలులో ఉన్న గీతల మధ్య తేడా ఆ ఎలుకలు సరిగ్గా పట్టలేకపోయాయి. ఫీజు కట్టేసి వెనక్కి రాదనుకునేవాళ్ళు మీ ఇష్టం, కనీసం రెండు ఇడ్లీలు పెట్టి పంపండి.