అంకణం ధర అడిగాం, నీటి దారి అడగలేదు

తిరుపతిలో ఇల్లు చూస్తున్నామంటే అందరూ అడిగే మొదటి మాట 'అంకణం ఎంత?' అని. ధర సంగతి తర్వాత, అసలు అంకణమంటే ఎంతో ముందు తేల్చుకోవాలి. తిరుపతి లెక్కలో అంకణం 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. నెల్లూరు లెక్కలో 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడి నాయుడుపేట, సూళ్లూరుపేట మనతో కలిశాక ఒకే జిల్లాలో రెండు అంకణాలయ్యాయి. నాయుడుపేట నుంచి వచ్చి ఇక్కడ 50 అంకణాలు మాట్లాడుకున్నాయన మనసులో 400 గజాలుంటాయి, చేతికొచ్చేవి 200. దస్తావేజులో గజాలు చూసుకునేసరికి అడ్వాన్సు చేతులు మారిపోయి ఉంటుంది.

కాగితాలు చూసుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీస్తారు, లాయరు చేత ఒపీనియన్ రాయిస్తారు. అయితే ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. దేవాదాయ భూమా, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టానా అన్నది రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో విడిగా చూసుకోవాలి. హథీరాంజీ మఠం భూముల తగాదాలు వింటూ పెరిగిన ఊరికి ఈ మాట మళ్లీ చెప్పాల్సి రావడమే విచిత్రం. 'ముందు జీపీఏ రాసుకుందాం, రిజిస్ట్రేషన్ తర్వాత' అన్నారంటే లేచి వచ్చేయడమే మేలు. జీపీఏ అంటే తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికారపత్రమే, ఆ అమ్మకంతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

నా పేచీ అసలు వేరే చోట. సర్వే అంటే మనకు గొలుసు, రాయి, హద్దు. ఇంగ్లండులో ఇల్లు కొనేవాళ్లకు సర్వే అంటే గోడలు, పైకప్పు, చెమ్మ చూసి నిపుణుడు ఇచ్చే నివేదిక. మనం వాస్తు చూసేవాళ్లను వెంటబెట్టుకెళ్తాం, ఇంజనీరును పిలవం. ఈశాన్యం పెరిగిందో తరిగిందో అంగుళాలతో సహా తెలుస్తుంది. రెండంతస్తులకు వేసిన పునాది మీద మూడోది లేపి హాస్టల్‌కు ఇచ్చారా అన్నది మాత్రం తెలీదు.

ఇక నీళ్లు. శేషాచలం మీద కురిసిన వాన కపిలతీర్థం, మాల్వాడి గుండం జలపాతాల మీదుగా ఊళ్లోకే దిగుతుంది. దాన్ని పట్టుకోవాల్సిన కుంటలు, కాలువల్లో చాలాచోట్ల కాలనీలు లేచాయి. 2021 నవంబరు వరదల తర్వాత శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో నేలలోని నీళ్ల తొట్టిని శుభ్రం చేస్తుండగానే ఆ సిమెంటు ఒరల తొట్టి భూమిలోంచి పైకి లేచింది. జనం వింతని చూడ్డానికి ఎగబడ్డారు. నేల నిండా నీళ్లున్నప్పుడు తొట్టిని ఖాళీ చేస్తే అడుగున నీరు దాన్ని పైకి నెట్టకేం చేస్తుంది? ఇలాంటి నేల కథ ఏ ఈసీలోనూ దొరకదు. పాత గ్రామపటంలో వాగు గీతలు, చెరువు హద్దులు ఉంటాయి. అడిగి చూసేవాళ్లే తక్కువ.

రెండేళ్ల కిందట మేమూ ఒక ఇల్లు చూశాం. లోపలంతా కొత్త పెయింటు వాసన. ప్రహరీ వెనకవైపు మాత్రం రంగు వేయడం మరిచిపోయారు. అక్కడ మోకాలెత్తున బురద చార. పక్కింటి అవ్వను అడిగితే, 'ఆ పొద్దు గ్యాస్ బండ మంచం మింద పెట్టుకోని కూచున్నాం నాయనా' అంది. ఏజెంటు ఫోను చూసుకుంటూ గేటు దాకా వెళ్లిపోయాడు.

ఆ ఇల్లు మేం తీసుకోలేదు. మొన్న కార్తీకంలో అటుగా వెళ్తే గేటు ముందు ఇసుక మూటలు పేర్చి ఉన్నాయి.